ఇంప్రెజాలోకి టర్బో ఇంజిన్: ఇంటి గ్యారేజీ డైరీ

కారు: 2002 సుబారు ఇంప్రెజా 2.5 ఆర్‌ఎస్, మాన్యువల్ గేర్లు
ఉన్న ఇంజిన్: ఈజే251, 2457 సీసీ, టర్బో (పొగ వేగంతో తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పంపు) లేదు, 165 హార్స్‌పవర్
రాబోయేది: ఈజే205, 1994 సీసీ, టర్బో, 227 హార్స్‌పవర్, 2003 డబ్ల్యుఆర్‌ఎక్స్ (ఇంప్రెజాలో టర్బో రకం) కారులోది
చోటు: అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, డెట్రాయిట్ శివారు. రెండు కార్లు పట్టే గ్యారేజీ, హీటర్ లేదు

పాత ఇంజిన్ హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ల దిమ్మెకూ వాటి మూతకూ మధ్య ఉండే సీలు) దగ్గర కూలెంట్ కారడం మొదలైంది. ఈ 2.5 లీటర్ల ఇంజిన్లకు అది పేరుపడ్డ జబ్బు. గ్యాస్కెట్ మార్చాలన్నా ఇంజిన్ దించడమే మేలు. దించిన తరువాత అదే ఎక్కించాలా, వేరేది ఎక్కించాలా అన్న ప్రశ్నతో ఈ పని మొదలైంది.

ఉన్న ఇంజిన్‌కే టర్బో తగిలించవచ్చు కదా అని చాలామంది అడిగారు. దాని కంప్రెషన్ నిష్పత్తి (సిలిండర్ లోపలి గాలిని ఎన్నో వంతుకు నొక్కుతుందో చెప్పే అంకె) 10. టర్బో కోసమే తయారైన ఈజే205కు అది 8. పది నిష్పత్తి ఉన్న ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెడితే పెట్రోలు అదుపు తప్పి ముందే మండుతుంది, పిస్టన్లు పగులుతాయి. అందుకే ఇంజిన్ మొత్తం మార్చాను. చట్టం వైపు నుంచి చూసినా ఇదే మేలు. కారు తయారైన ఏడాదిది గానీ ఆ తరువాతది గానీ అయిన ఇంజిన్‌ను, దాని క్యాటలిటిక్ కన్వర్టర్లు (పొగను శుద్ధి చేసేవి), సెన్సర్లు అన్నిటితో సహా, కంపెనీ అమర్చినట్టే అమర్చాలి. ఒక్క భాగాన్నీ వదిలిపెట్టకూడదని మొదటిరోజే నిర్ణయించుకున్నాను. మిషిగన్‌లో కార్లకు పొగ పరీక్ష లేదు కదా అని దీన్ని దాటవేయలేదు.

ఈ డైరీలో ఒక్క సంగతే గుర్తుంచుకోదలిస్తే ఇది గుర్తుంచుకోండి: కొత్త ఇంజిన్ మీ కారులో తిరిగి, వంద మైళ్ళు నడిచేదాకా దాత కారు (ఇంజిన్ తీసుకున్న కారు) డొక్కును తుక్కుకు వేయకండి. నేను వేశాను.

దశ 1. దాత కారు (సెప్టెంబరు)

వెనుక నుంచి దెబ్బతిన్న 2003 డబ్ల్యుఆర్‌ఎక్స్. డిక్కీ సగానికి నలిగింది, ముందు భాగం చెక్కు చెదరలేదు. ఇంజిన్ ఒక్కటే కొంటే తక్కువకే వచ్చేది. కానీ ఇంజిన్‌తో పాటు కింది క్రాస్‌మెంబరు (ఇంజిన్‌ను మోసే అడ్డపట్టీ), ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లార్చేది), గాలి ద్వారం ఉన్న బానెట్, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్), దాని వైరింగ్, రేడియేటర్ గొట్టాలు, పెట్రోలు పంపు కూడా కావాలి. విడివిడిగా వెతుక్కుంటూ పోతే డబ్బూ పోతుంది, నెలలూ పోతాయి.

డబ్బు చేతిలో పెట్టేముందు చేసిన పరీక్షలు:

1. ఇంజిన్ వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి కంప్రెషన్ కొలిచాను. 146, 144, 148, 143 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). సిలిండర్ల మధ్య తేడా అయిదు. ఒక్కొక్క అంకె కన్నా ఈ తేడా చిన్నదిగా ఉండటమే నాకు ముఖ్యం.
2. టర్బో ముందు గొట్టం విప్పి, ఇరుసును వేళ్ళతో కదిపాను. కొద్దిగా ఊగింది, రెక్కలు గోడకు తగల్లేదు.
3. ఆయిల్ మూత కింద తెల్లటి నురగ లేదు.

ఖర్చు: కారు 2,400, తోలించినందుకు 150, వాడిన ఇంజిన్ క్రేన్ 160, స్టాండు 55.
ఇప్పటివరకు: 2,765 డాలర్లు, 6 గంటలు.

దశ 2. దాత ఇంజిన్ దించడం (అక్టోబరు మొదటి వారం)

ఏసీ గ్యాసును గాలిలోకి వదలడం నేరం. అందుకని ముందే వర్క్‌షాపుకు తోలించి తీయించుకోండి. నా సొంత కారుకు మాత్రం ఆ గొట్టాలు విప్పలేదు, కంప్రెసర్‌ను పక్కకు జరిపి తాడుతో కట్టాను.

ఇంజిన్‌ను గేర్‌బాక్సుతో కలిపే బోల్టులన్నీ తీశాను. క్రేన్ గొలుసు బిగిసింది. ఇంజిన్ ఒక వేలెడు ముందుకు వచ్చి ఆగిపోయింది. రెండు గంటలు గుంజాను. గునపంతో ఎత్తాను. బెల్ హౌసింగ్ (గేర్‌బాక్సు ముందు ఉండే గంట ఆకారపు తొడుగు) అంచు ఒకచోట ఊడివచ్చింది. ఆ గేర్‌బాక్సు నాకు అక్కర్లేదు కాబట్టి నష్టం లేకపోయింది. అదే నా కారుది అయివుంటే ఈ పని అక్కడితో ఆగిపోయేది.

కారణం తెలిశాక చాలా చిన్నది. ఈ డబ్ల్యుఆర్‌ఎక్స్‌లో క్లచ్ లాగుడు రకం. క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగ్, క్లచ్‌ను నొక్కిపట్టే ప్రెషర్ ప్లేటుకు తగులుకుని ఉంటుంది. దాన్ని పట్టుకున్న ఫోర్కును వదిలిస్తేనే ఇంజిన్ విడిపోతుంది. చేయవలసింది ఇదీ:

1. బెల్ హౌసింగ్ పక్కన ఉన్న బిరడాను 10 మి.మీ. అలెన్ కీతో విప్పండి.
2. లోపల కనిపించే ఫోర్కు ఇరుసులోకి 6 మి.మీ. బోల్టు ఎక్కించండి.
3. ఆ బోల్టును పట్టుకుని ఇరుసును బయటికి లాగండి. ఫోర్కు వదులవుతుంది.

ఇరుసు బయటికి వచ్చిన పది నిమిషాలకు ఇంజిన్ గాలిలో వేలాడుతోంది.

తుప్పు వదిలించే నూనె, చిల్లర: 35.
ఇప్పటివరకు: 2,800 డాలర్లు, 25 గంటలు.

దశ 3. స్టాండు మీద (అక్టోబరు చివర)

కారులోకి ఎక్కించాక చేయి పట్టని పనులన్నీ ఇక్కడే ముగించాలి. టైమింగ్ బెల్టు (ఇంజిన్ ప్రధాన ఇరుసు క్రాంకును, వాల్వులు తెరిచే ఇరుసులు క్యామ్‌లను కలిపి తిప్పేది), దాని పుల్లీలు, వాటర్ పంపు, వెనుక సీలు, వాల్వ్ కవర్ గ్యాస్కెట్లు, ప్లగ్గులు మార్చాను. ప్లగ్గుల మధ్య ఖాళీని 0.75 మి.మీ. దగ్గర ఉంచాను.

టైమింగ్ బెల్టు దగ్గర మీరూ పొరపడే చోటు ఒకటి ఉంది. క్రాంకు పళ్ళచక్రం మీద బాణం గుర్తు ఉంటుంది. కన్ను దాని మీదికే పోతుంది, కానీ బెల్టుకు పెట్టుకోవలసిన గుర్తు అది కాదు. చక్రం వెనుక అంచు మీద ఉన్న సన్నటి గీత నిటారుగా పైకి రావాలి. నేను మొదట బాణాన్ని పట్టుకున్నాను. క్యామ్ గుర్తులు ఎంతకీ కలవకపోయేసరికి ఆగి చూసుకున్నాను. ఈ ఇంజిన్‌లో బెల్టు తప్పితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుంటాయి. బిగించాక చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, గుర్తులు మళ్ళీ కలిశాయో లేదో చూడకుండా ముందుకు పోకండి. ఇంకొకటి: ఎడమ వైపు క్యామ్‌లు వాల్వు స్ప్రింగుల ఒత్తిడి మీద ఉంటాయి, పట్టు వదిలితే ఒక్కసారిగా తిరుగుతాయి. అక్కడ వేళ్ళు పెట్టవద్దు.

టర్బోకు ముందున్న గొట్టంలో ఈ మోడల్‌కు చిన్న క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. దాని తేనెపట్టు లాంటి గుల్ల విరిగితే ముక్కలు నేరుగా టర్బైన్ రెక్కల మీద పడతాయి. కెమెరా తీగ దూర్చి చూశాను. గుల్ల పగుళ్ళు లేకుండా నిండుగా ఉంది. దాన్ని తీసేసి ఖాళీ గొట్టం పెట్టమని సలహా ఇచ్చినవాళ్ళు ఉన్నారు. నేను ఉంచాను. ప్రతి శరత్కాలంలో ఒకసారి కెమెరాతో చూసుకోవాలని గోడ మీద రాసిపెట్టాను.

గేర్‌బాక్సు సంగతి కూడా ఇక్కడే తేల్చుకున్నాను. డబ్ల్యుఆర్‌ఎక్స్ గేర్‌బాక్సు పెడితే వెనుక డిఫరెన్షియల్ (చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) కూడా దానిదే, 3.54 నిష్పత్తిది, పెట్టాలి. నాలుగు చక్రాలూ లాగే కారులో ముందు, వెనుక నిష్పత్తులు కలవకపోతే మధ్య డిఫరెన్షియల్ వేడెక్కి పాడవుతుంది. అందుకని నా గేర్‌బాక్సునే ఉంచుకుని, నా పాత ఫ్లైవీల్‌ను (ఇంజిన్ చివర తిరిగే బరువైన చక్రం), నెట్టుడు రకం క్లచ్‌ను కొత్త ఇంజిన్‌కు బిగించాను. ఫ్లైవీల్ బోల్టులు ఎనిమిది, 72 న్యూటన్ మీటర్ల బిగింపు, ఎదురెదురు వరుసలో. పాత క్లచ్ ప్లేటు చూడటానికి బాగానే ఉంది. కొలవకుండా అలాగే పెట్టాను. దీని ఫలితం తొమ్మిదో దశలో ఉంది.

టైమింగ్ కిట్, పంపు: 290. గ్యాస్కెట్లు, సీళ్ళు: 215. ప్లగ్గులు: 48.
ఇప్పటివరకు: 3,353 డాలర్లు, 47 గంటలు.

నవంబరు 3. డొక్కును తుక్కువాడికి ఇచ్చాను. ఇంటి ముందు నలిగిన కారు ఉందని కాలనీ సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. ఈసీయూ, ముందు వైరింగ్, ట్యాంకులోని పంపు, బానెట్, రేడియేటర్, సైలెన్సర్ ముందు భాగం, అన్నీ విప్పుకున్నాననే అనుకున్నాను. 260 డాలర్లు వచ్చాయి.
ఇప్పటివరకు: 3,093 డాలర్లు.

దశ 4. పాత ఇంజిన్, తుప్పు (నవంబరు)

ఈ రాష్ట్రంలో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఇరవై శీతాకాలాలు చూసిన కారు అడుగున ప్రతి బోల్టూ ఒక పరీక్షే.

ఇంజిన్ దిగడానికి ఒక పూట పట్టింది. క్రాస్‌మెంబరు దిగడానికి మూడు రోజులు పట్టింది. క్రాస్‌మెంబరు ఎందుకు మార్చాలంటే, టర్బో ఇంజిన్ కింద పొగగొట్టం ఒక వైపు నుంచి పైకి ఎక్కుతుంది. మామూలు క్రాస్‌మెంబరు ఆ దారికి అడ్డు. టర్బో కారుదానిలో అక్కడ ఖాళీ ఉంటుంది.

కుడి వెనుక బోల్టు తల తెగింది. మిగతా ముక్క చాసిస్ లోపల వెల్డు చేసిన నట్టులో ఉండిపోయింది. మొదట మామూలు డ్రిల్లు పెట్టాను. అది జారి ఒక మి.మీ. పక్కకు పోయింది. ఆ రోజుకు ఆపేశాను. మరునాడు చేసిన పద్ధతి:

1. ముక్క తలను ఆకురాయితో చదును చేసి, సరిగ్గా మధ్యలో సెంటర్ పంచ్ కొట్టాను.
2. ఎడమవైపు తిరిగే డ్రిల్లు బిట్లతో 4, 6, 8 మి.మీ. వరుసగా, చాలా నెమ్మదిగా తొలిచాను.
3. ప్రతి సైజుకూ మధ్య గ్యాసు మంటతో వేడి, తరువాత నూనె.
4. 8 మి.మీ. దగ్గర డ్రిల్లే ముక్కను పట్టుకుని బయటికి తిప్పింది.

నట్టు మరలను ట్యాప్‌తో శుభ్రం చేసి కొత్త బోల్టు వేశాను. పనిలో పనిగా చాసిస్ పట్టీలకు తుప్పు గీకి రంగు వేశాను. పెట్రోలు గొట్టాల దగ్గరికి మంట పోనివ్వకండి. నేను అడ్డంగా తడి గోనె, దాని వెనుక రేకు పెట్టాను, నిప్పు ఆర్పే సిలిండర్ పక్కనే ఉంచుకున్నాను.

బోల్టులు, డ్రిల్లు బిట్లు, రంగు: 85.
ఇప్పటివరకు: 3,178 డాలర్లు, 71 గంటలు.

దశ 5. వైరింగ్ (డిసెంబరు, జనవరి)

పనిలో సగం ఇక్కడే ఉంది. ఇంజిన్ మీది తీగలు ఇంజిన్‌తోనే వచ్చాయి. వాటికి అవతలి చివర, ఫైర్‌వాల్ (ఇంజిన్ గదికీ కూర్చునే చోటుకీ మధ్య గోడ) దాటి డ్యాష్‌బోర్డు వెనుక ఈసీయూ దాకా పోయే కట్ట మాత్రం రెండు కార్లకూ ఒకటి కాదు. తీగలు కోసి అతికించడమా, కట్ట మొత్తం మార్చడమా? మొత్తం మార్చాను. కోసిన ప్రతి అతుకూ రేపు ఒక అనుమానమే. డ్యాష్‌బోర్డు దించేముందు బ్యాటరీ తీగ విప్పి అరగంట ఆగాను, ఎయిర్‌బ్యాగుల కోసం. తాళంలో చిప్ ఉండే తరువాతి కార్లకు తాళం, ఈసీయూ కలిపి తెచ్చుకోవాలి. నా రెండు కార్లకూ అది లేదు.

కొత్త ముందు కట్ట, నా కారు వెనుక కట్ట కలిసేచోట మూడు కనెక్టర్లు సరిపడలేదు. మా బావమరిది ఎలక్ట్రికల్ ఇంజినీరు, నాలుగు శనివారాలు వచ్చాడు. ఇద్దరం రెండు కార్ల వైరింగ్ పటాలు నేల మీద పరిచి, ఒక్కొక్క తీగ రంగు, కనెక్టర్‌లో దాని గుంట సంఖ్య, పని, మల్టీమీటర్‌లో కొలత పట్టికలో రాసుకున్నాం. మొత్తం 61 వరుసలు. అందులో 52 ఉన్నచోటే సరిపోయాయి. ఎనిమిది తీగల చోట్లు మార్చాం. కనెక్టర్ గుంటలోంచి పిన్నును ఊడదీసి మరో గుంటలో పెట్టడమే, కోత లేదు. మిగిలిన ఒక వరుస, 47వది, పెట్రోలు పంపుది. దాని ఎదుట "తరువాత చూడాలి" అని నా చేతిరాత.

గ్యారేజీలో ఉష్ణోగ్రత సున్నాకు బాగా కింద. చలికి ప్లాస్టిక్ క్లిప్పులు పెంకుల్లా విరుగుతాయి. కనెక్టర్ విప్పేముందు జుట్టు ఆరబెట్టే యంత్రంతో వెచ్చబెట్టాం. ఆ తరువాత ఒక్కటీ విరగలేదు.

పిన్నులు, వేడికి ముడుచుకునే గొట్టాలు, టేపు: 70.
ఇప్పటివరకు: 3,248 డాలర్లు, 112 గంటలు.

దశ 6. ఎక్కించడం (ఫిబ్రవరి)

ఇంజిన్ గేర్‌బాక్సుకు 12 మి.మీ. దూరంలో ఆగింది. బోల్టులతో బిగించి దగ్గరికి లాగాలని చేతులు దురద పెడతాయి, లాగవద్దు. గేర్‌బాక్సు కింద జాకీని రెండు మి.మీ. ఎత్తి, క్రాంకును పానాతో కొద్దిగా తిప్పగానే దానంతట అదే వెళ్ళి కూర్చుంది. ఆ తరువాతే బోల్టులు, 50 న్యూటన్ మీటర్లు.

సైలెన్సర్ వెనుక భాగం నా కారుదే. రెండు ముక్కలనూ ఒక వెల్డింగ్ షాపులో అతికించారు, 90. ఆయిలు, కూలెంట్, గొట్టాలు 165.
ఇప్పటివరకు: 3,503 డాలర్లు, 126 గంటలు.

దశ 7. స్టార్టు కాలేదు (ఫిబ్రవరి 22)

ఇంజిన్ అంటుకునేముందే టర్బో ఇరుసుకు ఆయిల్ అందాలి. పెట్రోలు పంపు ఫ్యూజు తీసి, పది సెకన్ల చొప్పున స్టార్టర్ తిప్పాను. నాలుగోసారికి ఆయిల్ దీపం ఆరింది. ఫ్యూజు పెట్టి తాళం తిప్పాను. ఇంజిన్ తిరుగుతుంది, అంటుకోదు. ప్లగ్గుల్లో నిప్పు ఉంది. టైమింగ్ మళ్ళీ చూశాను, సరిగ్గా ఉంది. రెండు సాయంత్రాలు ఇలాగే గడిచాయి. బావమరిదికి ఫోన్ చేస్తే ఒక్కటే అడిగాడు: "తాళం తిప్పినప్పుడు వెనుక సీటు కింద పంపు చప్పుడు వినిపించిందా బావా?"

వినిపించలేదు. పెట్రోలు గొట్టానికి గేజీ పెడితే సున్నా. 47వ వరుస.

నా పాత కారులో పంపుకు రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) నుంచి నేరుగా కరెంటు వస్తుంది. డబ్ల్యుఆర్‌ఎక్స్‌లో అలా కాదు. ఈసీయూ ఒక చిన్న నియంత్రణ పెట్టెకు సంకేతం పంపుతుంది, ఆ పెట్టె అవసరాన్ని బట్టి పంపు వేగాన్ని మారుస్తుంది. ఆ పెట్టె కారు వెనుక భాగంలో ఉంటుంది. దాత కారులో సరిగ్గా ఆ భాగమే నలిగి ఉంది కాబట్టి అటువైపు నేను చూడనే లేదు. డొక్కుతో పాటు తుక్కులోకి పోయింది. ఏనుగు వెళ్ళి తోక చిక్కినట్టయింది.

పాత సామాన్ల దుకాణంలో పెట్టె 45కు దొరికింది. దానికి కావలసిన తీగలు: బ్యాటరీ కరెంటు ఫ్యూజుతో, ఎర్త్, ఈసీయూ సంకేతాలు, పంపుకు వెళ్ళే రెండు. తీగలు, క్లిప్పులు 20. గేజీలో 43 పీఎస్ఐ వచ్చింది. రెండో తిప్పుకే ఇంజిన్ అంటుకుంది. రాత్రి పదకొండయింది. పొరుగువాళ్ళు నిద్రపోయే వేళ అని నిమిషంలో ఆపేశాను, కానీ ఆ నిమిషం కోసం ఆరు నెలలు ఎదురు చూశాను.

ఇప్పటివరకు: 3,568 డాలర్లు, 135 గంటలు.

దశ 8. గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ (మార్చి)

మొదట కూలెంట్. హీటర్ నుంచి చల్లగాలి వస్తోందంటే లోపల గాలి బుడగ ఉన్నట్టే. టర్బో ఇంజిన్‌కు అన్నిటికన్నా ఎత్తున చిన్న ట్యాంకు ఉంటుంది, ముందు అక్కడి నుంచి నింపాలి. కారు ముందు భాగం ఎత్తి, హీటర్ పూర్తిగా తెరిచి నలభై నిమిషాలు నడిపాక వేడిగాలి వచ్చింది.

తరువాత ఇంజిన్ దీపం వెలిగింది. కోడు పీ0171, మిశ్రమం పలచన. స్కానరులో దీర్ఘకాల ఇంధన సవరణ (ఈసీయూ పెట్రోలును ఎంత పెంచి పోస్తోందో చెప్పే అంకె) ఖాళీగా తిరిగేటప్పుడు 18 శాతం, 2,500 ఆర్‌పీఎం దగ్గర 6 శాతం. ఈ రెండు అంకెలే దారి చూపాయి. పెట్రోలు తక్కువై ఉంటే వేగం పెరిగేకొద్దీ సవరణ పెరగాలి. ఇక్కడ తగ్గుతోంది. అంటే గాలిని కొలిచే సెన్సర్ దాటాక ఎక్కడో కన్నం ఉంది, దానిలోంచి కొలతకు అందని గాలి వస్తోంది. ఇంజిన్ ఎక్కువ గాలి పీలుస్తున్నప్పుడు ఆ దొంగగాలి వంతు చిన్నదవుతుంది.

టర్బో ముందు గొట్టానికి ప్లాస్టిక్ పైపు మూతతో బిరడా చేసి, టైరు వాల్వు బిగించి, 12 పీఎస్ఐ గాలి ఎక్కించి సబ్బునీళ్ళు చల్లాను. ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలిని పంచే గొట్టాల గుత్తి) కింద, కంటికి కనపడని చోట, రబ్బరు గొట్టం అడుగున బుడగలు. గట్టిపడిన పాత రబ్బరు, నేను ఇంజిన్ ఎక్కించేటప్పుడు వంగి చీలింది. స్టాండు మీద ఉన్నప్పుడు మారిస్తే అరగంట పని. కారులో మానిఫోల్డ్ విప్పి మార్చేసరికి ఎనిమిది గంటలు.

కొత్త గొట్టం: 130. సవరణ ఇప్పుడు 3, 2 శాతం.
ఇప్పటివరకు: 3,698 డాలర్లు, 146 గంటలు.

దశ 9. క్లచ్ జారింది (ఏప్రిల్ మొదట)

నాలుగో గేరు, 3,500 ఆర్‌పీఎం, యాక్సిలరేటర్ పూర్తిగా. ముల్లు ఒక్క ఉదుటున 4,600కు పోయింది, కారు వేగం అక్కడే ఉంది. పాత ఇంజిన్ టార్క్ (తిప్పే బలం) 166 పౌండు అడుగులు, కొత్తదానిది 217. ఆ తేడాను మోయవలసిన క్లచ్‌ను నేను కొలవకుండానే పెట్టాను. ఇంజిన్ మళ్ళీ ముందుకు జరిపి చూస్తే ప్లేటు మీద రివెట్ల పైన ఒక మి.మీ. లోపే మిగిలింది. కొత్త ప్లేటైనా జారేదేమో, ఈ అరిగినది మాత్రం తప్పకుండా జారేదే.

నెట్టుడు రకంలోనే ఎక్కువ టార్క్‌కు తట్టుకునే కిట్ 340. ఫ్లైవీల్‌ను చదును చేయించడం 50. 500 మైళ్ళు ఊళ్ళోనే, గేర్లు మారుస్తూ, మెల్లగా నడపాలి.

ఇప్పటివరకు: 4,088 డాలర్లు, 159 గంటలు.

ఏప్రిల్ 27. ఓడోమీటరులో కొత్త క్లచ్ తరువాత 540 మైళ్ళు. 91 ఆక్టేన్ (ముందే మండకుండా తట్టుకునే గుణం) కన్నా తక్కువ పెట్రోలు పోయడం లేదు. ఊరి బయట ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో బూస్టు (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) 13.2 పీఎస్ఐ దాకా ఎక్కి, పైకి పోయేకొద్దీ కొంచెం దిగింది. క్లచ్ జారలేదు, దీపం వెలగలేదు. ఇన్సూరెన్సు వాళ్ళకు ఇంజిన్ మార్పు రాతపూర్వకంగా తెలిపాను, జవాబు రావాలి. ఎడమ వైపు వాల్వ్ కవర్ కింద చిన్న ఆయిల్ తడి కనిపిస్తోంది. తుడిచి, కింద తెల్ల అట్ట పరిచాను. రేపు ఉదయం చూస్తాను.